యార్డులో బస్తాకు కాపలా ఉంది... మనిషికేదీ?

మార్కెట్ యార్డుల్లో బండ్ల మధ్య తిరిగే రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆరు నెలలు కష్టపడి పండించిన మిరపకాయల్ని యార్డుకు తోలిన రైతు ముందు చూసుకునేది బస్తాల లెక్క. తర్వాత కాటా. ఆ తర్వాత ధర. రాత్రంతా టిక్కీల పక్కనే పడుకుని కాపలా కాస్తాడు. ఒక్క టిక్కీ తగ్గినా ఊరుకోడు. కానీ వెనక నుంచి వచ్చే లారీ ఎటు తిరుగుతుందో, ఆగి ఉన్న ట్రాక్టరు ఎప్పుడు వెనక్కు వస్తుందో మాత్రం అంతగా పట్టించుకోడు. ఇందులో తప్పంతా రైతుదే అనడానికి లేదు. యార్డులు కట్టింది సరుకు కోసం, సరుకు మోసే బండ్ల కోసం. షెడ్లు వేశారు, కాటాలు పెట్టారు, గేట్లు పెట్టారు. మనిషి ఏ పక్కన నడవాలి అన్నదానికి చాలా యార్డుల్లో ఒక గీత కూడా ఉండదు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. వారిలో దాదాపు ప్రతి అయిదుగురికి ఒకరు కాలినడకన వెళ్లేవారే. రోడ్డు మీదయితే బండి ఒక పక్కన, మనిషి ఒక పక్కన అన్న పద్ధతయినా ఉంది. యార్డులో అదీ లేదు. బండ్లు నిలిపే చోటే మనుషులు నడిచే చోటు, సరుకు పోసే చోటు, అన్నం తినే చోటు, పడుకునే చోటు కూడా. అందుకే ఈ విషయాన్ని సీజను ముదరకముందే ఆలోచించుకోవడం మంచిది.

లెక్క వేసి చూడండి

గుంటూరు మిర్చి యార్డుకు సీజను జోరుగా ఉన్న రోజున లక్ష టిక్కీలకు పైగా రావడం మనకు కొత్త కాదు. బండికి 50 టిక్కీల చొప్పున వేసుకున్నా లక్ష టిక్కీలకు 2 వేల బండ్లు లోపలికి రావాలి. దించిన బండి ఖాళీగా బయటికి పోవాలి. అమ్ముడైన సరుకు మళ్లీ లారీలకెక్కి కోల్డు స్టోరేజీలకో, ఎగుమతికో కదలాలి. అంటే ఒక రోజు సరుకుకు కొన్ని వేల సార్లు బండి కదలడం, తిరగడం, వెనక్కు రావడం జరుగుతుందన్నమాట. ఇదంతా జరిగే దారుల్లోనే రైతులు, హమాలీలు, తాలుకాయలు ఏరే ఆడకూలీలు, గుమస్తాలు, టీ అమ్మే కుర్రాళ్లు తిరుగుతుంటారు.

ఇది ఒక్క గుంటూరు సంగతే కాదు. దుగ్గిరాల పసుపు యార్డయినా, ఆదోని పత్తి మార్కెట్టయినా, ఖమ్మం మిర్చి మార్కెట్టయినా, వరంగల్ ఎనుమాముల మార్కెట్టయినా ఇదే వరస. ఊళ్లో ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర లారీ కాటా కోసం వెనక్కు వస్తున్నప్పుడు, జిన్నింగు మిల్లు ముందు పత్తి ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, తెల్లవారుజామున రైతుబజారు దగ్గర ఆటోల నుంచి కూరగాయల గంపలు దించుకునేటప్పుడు పొంచి ఉన్న ప్రమాదం కూడా ఇదే.

నెమ్మదిగానే పోతుందిలే అనుకోవద్దు

యార్డులో బండి వేగంగా పోదు గదా, ఏమవుతుందిలే అనుకుంటాం. ఇక్కడే పొరపాటు పడుతున్నాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 18 అడుగులు ముందుకు వెళుతుంది. డ్రైవరు మనిషిని చూసి, బ్రేకు మీద కాలు వేసేసరికే ఆ సెకను కాస్తా అయిపోతుంది. అదే బండి మనిషి నడిచే వేగంతో, అంటే గంటకు 5 కిలోమీటర్లతో పోతే సెకనుకు కదిలేది నాలుగున్నర అడుగులు. ఈ తేడాయే ప్రాణం నిలబెట్టేది.

ఇంకో సంగతి. పది టన్నుల బరువున్న లారీ ఎంత నెమ్మదిగా వచ్చినా బరువు తగ్గదు. రోడ్డు మీద బండి గుద్దితే మనిషి ఎగిరి పక్కన పడవచ్చు. యార్డులో పడటానికి చోటుండదు. ఒక పక్క లారీ, ఇంకో పక్క బస్తాల అట్టి. ఈ రెండింటి మధ్య నలిగితే వేగంతో పనిలేదు. అందువల్ల వెనక్కు వస్తున్న బండికీ, గోడకూ మధ్య లేదా బండికీ, బస్తాల అట్టికీ మధ్య ఎట్టి పరిస్థితుల్లోనూ నిలబడకూడదు.

డ్రైవరుకు కనపడని చోట్లు

లారీ డ్రైవరుకు మూడు చోట్లు సరిగా కనపడవు. మొదటిది బండి వెనక. లోడుతో ఉన్న లారీకి సరిగ్గా వెనక నిలబడిన మనిషి పక్క అద్దాల్లో పడడు. రెండోది ఎడమ పక్క. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ తలుపు కింద, ముందు టైరు పక్కన ఉన్నది ఆయనకు కనపడదు. మూడోది బండి ముందు భాగానికి ఆనుకుని ఉన్న చోటు. క్యాబిను ఎత్తు కాబట్టి బంపరు దగ్గర వంగి బస్తా సర్దేవాడు, కింద కూర్చున్నవాడు, చిన్నపిల్లవాడు డ్రైవరు చూపుకు అందరు.

దీనికి ఒక సులువైన గుర్తు ఉంది. మీకు డ్రైవరు ముఖం గానీ, అద్దంలో ఆయన కళ్లు గానీ కనపడకపోతే మీరు కూడా ఆయనకు కనపడటం లేదని లెక్క. అప్పుడు ఆ బండి పక్క నుంచి పోవద్దు. చుట్టూ తిరిగి వెళ్లండి. పది అడుగులు ఎక్కువ నడిస్తే పోయేదేమీ లేదు.

2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకు వెనక ఏదైనా అడ్డం ఉంటే మోగే పరికరం తప్పనిసరి చేశారు. అయితే యార్డుకు వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, పాత లారీలు, ఆటోలు. వీటికి అలాంటి పరికరం ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

మిర్చి యార్డులో ఇంకో ఇబ్బంది ఘాటు. డ్రైవరుకూ కళ్లలో నీళ్లే, రైతుకూ కళ్లలో నీళ్లే. తుమ్ము వచ్చినప్పుడు కళ్లు మూసుకుపోతాయి. ఘాటుకు ఓర్చలేక తువ్వాలు ముక్కుకు, చెవులకు కలిపి బిగిస్తే హారను సరిగా వినపడదు. తువ్వాలు ముక్కు, నోటి వరకే కట్టుకుని చెవులు వదిలేయండి. ఇక చేతిలో సెల్‌ఫోను పెట్టుకుని ధరల కబుర్లు చెబుతూ బండ్ల దారిలో నడవడం ఈమధ్య బాగా ఎక్కువైంది. మాట్లాడవలసి వస్తే షెడ్డు అరుగెక్కి మాట్లాడండి.

నిద్రే పెద్ద గండం

వీటన్నిటిలోకీ పెద్ద ప్రమాదం నిద్రలో ఉంది. సరుకు తోలిన రోజు రైతుకు నిద్ర ఉండదు. పొలంలో బస్తాలు కుట్టించి, బండికెత్తించి, రాత్రంతా ప్రయాణం చేసి వస్తాడు. దించగానే ఎక్కడ చోటుంటే అక్కడ నడుం వాలుస్తాడు. టిక్కీల పక్కన నేల మీద పట్టా పరుచుకుని, ఇంకో పట్టా పైన కప్పుకుని పడుకుంటే, చీకట్లో ఆ మనిషికీ, కప్పిన సరుకుకీ తేడా ఎవరికి తెలుస్తుంది? ఎండాకాలం మధ్యాహ్నమయితే నీడ కోసం ఆగి ఉన్న లారీ కిందే పడుకునేవారున్నారు. భోజనానికి పోయి వచ్చిన డ్రైవరు కింద వంగి చూడకుండా బండి తీస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

కాబట్టి రైతు సోదరులు ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నియమం పెట్టుకోవాలి. బండి కింద గానీ, బండి నీడలో గానీ, బండ్లు తిరిగే దారిలో గానీ పడుకోకూడదు. యార్డులో రైతు విశ్రాంతి భవనం ఉంటే అక్కడే పడుకోవాలి. సరుకు వదిలి పోలేమంటే ఒకే ఊరివాళ్లు నలుగురు కలిసి వంతులు వేసుకోవాలి. ఇద్దరు కాపలా ఉంటే ఇద్దరు వెళ్లి పడుకోవచ్చు. సరుకు దగ్గరే పడుకోక తప్పదనుకుంటే షెడ్డు అరుగు పైన, బస్తాల అట్టికి లోపలి పక్కన, బండి చక్రం ఎక్కలేని చోట పడుకోవాలి. దారివైపు నాలుగు టిక్కీలు అడ్డం పెట్టుకోవాలి. నల్ల దుప్పటి బదులు తెల్ల పంచె పైన కప్పుకుంటే లైటు వెలుతురుకు మనిషి ఉన్నట్లు తెలుస్తుంది.

రైతులు పాటించవలసినవి

యార్డుకు బయలుదేరేటప్పుడే సంచిలో ఒక టార్చిలైటు వేసుకోండి. తెల్లవారుజామున దిగుమతి జరిగేటప్పుడు అది వెలిగించి చేతిలో పట్టుకోండి. లేత రంగు చొక్కా వేసుకోండి. బండి మీ కొట్టు ముందుకు వెనక్కు వస్తున్నప్పుడు మీరు, హమాలీలు అందరూ ఒకే పక్కకు, డ్రైవరుకు కనపడేటట్లు, కుడివైపుకు జరిగి నిలబడండి. బండి పూర్తిగా ఆగి, ఇంజను ఆపేసిన తర్వాతే వెనక తలుపు దించండి. కదిలే బండి మీద నుంచి దూకడం, టైరు మీద కాలు పెట్టి ఎక్కడం మానుకోవాలి.

చిన్నపిల్లల్ని వీలయినంతవరకు యార్డుకు తీసుకురావద్దు. సెలవు రోజని, పట్నం చూపిద్దామని తెస్తుంటారు. తప్పనిసరయితే కొట్టు లోపలే కూర్చోబెట్టండి. వాన మబ్బు కమ్మినప్పుడు మరీ జాగ్రత్త. టిక్కీల మీద పట్టాలు కప్పుదామని మనం పరుగెత్తుతాం. తడవకముందే బయటపడదామని బండ్లవాళ్లు తొందరపడతారు. అందుకని పట్టాలు, తాళ్లు ముందుగానే సరుకు పక్కన సిద్ధంగా పెట్టుకుంటే దారికి అడ్డంపడి పరుగెత్తే అవసరం ఉండదు.

ట్రాక్టరున్న రైతులు గమనించాలి

మనలో చాలామంది నడిచేవాళ్లమే కాదు, బండి తోలేవాళ్లం కూడా. ట్రాక్టరుకు రెండు బ్రేకు పెడళ్లుంటాయి. పొలంలో మలుపు తిప్పేటప్పుడు విడివిడిగా వాడతాం. దుక్కి అయిపోయి ట్రాలీ తగిలించేటప్పుడు ఆ రెండు పెడళ్లను కలిపే లాకు వేయడం మరిచిపోతే, యార్డులో బ్రేకు తొక్కగానే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది. ఆ పక్కన మనిషి ఉంటే అంతే సంగతులు. కాబట్టి రోడ్డెక్కేముందు లాకు వేశామా లేదా అని చూసుకోవాలి.

ట్రాలీతో వెనక్కు రావడం కష్టమైన పని. స్టీరింగు ఒక పక్కకు తిప్పితే ట్రాలీ రెండో పక్కకు పోతుంది. ట్రాక్టరుకూ, ట్రాలీకీ మధ్య కొక్కెం దగ్గర నిలబడి దారి చెప్పేవాడు పెద్ద టైరుకూ, ట్రాలీకీ మధ్య ఇరుక్కునే ప్రమాదం ఉంది. దారి చెప్పే మనిషి వెనక మూలకు దూరంగా, డ్రైవరుకు కనపడుతూ నిలబడాలి. ఆ మనిషి కనపడకపోతే బండి వెంటనే ఆపేయాలి. ఒక్కరే దారి చెప్పాలి. నలుగురు నాలుగు మాటలు అరిస్తే డ్రైవరు తికమక పడతాడు. దారి చెప్పే మనిషి లేకుండా వెనక్కు తీయడం లారీకయినా, ట్రాక్టరుకయినా మంచిది కాదు.

బండి నిలిపాక ఇంజను ఆపి, గేరులో ఉంచి, బ్రేకు లాకు వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. లోడున్న ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. మళ్లీ బండి తీసేముందు ఒక్కసారి చుట్టూ తిరిగి, కింద వంగి చూడాలి. దీనికి అర నిమిషం చాలు. ట్రాలీ వెనక ఎర్ర రంగు మెరిసే పట్టీలు అతికించడం కూడా తప్పనిసరిగా భావించాలి.

మార్కెట్ కమిటీ చేయదగిన పనులు

సరుకు మీద వసూలయ్యే మార్కెట్ సెస్సు యార్డు నిర్వహణకు, సౌకర్యాలకు వాడవలసిన డబ్బు. కింద చెప్పిన పనుల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు.

మొదటిది, బండ్లు వచ్చే గేటు, పోయే గేటు వేరు చేసి లోపల అంతా ఒకే దిక్కుగా తిరిగేటట్లు చేయడం. బండ్లు ఎదురెదురు పడకపోతే వెనక్కు తీయవలసిన అవసరమే సగం తగ్గుతుంది. రెండోది, షెడ్ల వెంబడి మనుషులు నడవటానికి నాలుగడుగుల దారి విడిచి, తెల్ల రంగుతో గీత గీయడం. గీత ఒక్కటే అయితే సీజనులో దాని మీదే టిక్కీలు పేరుస్తారు కాబట్టి ఇనుప గొట్టాలో, రాళ్లో పాతి ఆ దారిని కాపాడాలి. మూడోది, దిగుమతి వేళ, అమ్మకం వేళ, ఎగుమతి వేళ విడదీయడం. పొద్దున కొనుగోలుదారులు కాయ చూస్తూ తిరిగే సమయంలో షెడ్ల మధ్య దారుల్లోకి బండ్లు రానీయకపోతే ఆ రెండు మూడు గంటలు మనుషులకు భయం ఉండదు.

నాలుగోది, గేట్ల దగ్గర, మలుపుల దగ్గర వేగనిరోధకాలు కట్టి, నడక వేగమే దాటవద్దని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టడం. సరుకు కోసం పక్క రాష్ట్రాల బండ్లు కూడా వస్తాయి కాబట్టి బొమ్మలు కూడా వేయించాలి. అయిదోది, దీపాలు. బండి వెనక్కు వచ్చే ప్రతి చోటా వెలుతురు ఉండాలి. ఆరోది, రైతులు పడుకునే చోటు. విశ్రాంతి భవనం దూరంగా ఉంటే ప్రతి రెండు మూడు షెడ్లకు ఒక అరుగు కేటాయించి తాడు కట్టి, ఆ తాడు లోపలికి బండి రాకుండా చూడాలి. ఖాళీ అయిన బండ్లకు ఒక పక్కన చోటు కేటాయిస్తే దారుల్లో ఇరుకు చాలావరకు తగ్గుతుంది.

జరగరానిది జరిగితే

ముందుగా 108కు ఫోను చేయాలి. మనిషిని చేతులు, కాళ్లు పట్టుకుని లాగవద్దు. వెన్ను దెబ్బ తిని ఉండవచ్చు. తప్పక కదిలించవలసి వస్తే చెక్క మీద గానీ, మంచం మీద గానీ పడుకోబెట్టి కదిలించాలి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. బండి నంబరు వెంటనే రాసుకోవాలి. డ్రైవరును కొట్టడానికి పోవద్దు. దెబ్బ తిన్నవారికి వైద్యం అందేటట్లు చూడటం డ్రైవరు బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. మనం మీద పడితే ఆయన పారిపోతాడు, సాయం ఒకటి తగ్గుతుంది. ఆసుపత్రికి చేర్చినవారిని కేసుల్లో ఇబ్బంది పెట్టకుండా 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తోంది. కాబట్టి సాయపడటానికి జంకవద్దు.

యార్డు లోపల జరిగింది గదా, రోడ్డు ప్రమాదం కింద రాదని ఎవరైనా అంటే నమ్మి ఊరుకోవద్దు. ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న ఏ చోటయినా బహిరంగ ప్రదేశమేనని ఆ చట్టంలోనే ఉంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. పెద్దమనుషుల సమక్షంలో నాలుగు డబ్బులు తీసుకుని రాజీ పడితే తర్వాత కుటుంబానికి ఏ ఆధారమూ మిగలదు.

బండికి ఇతరులకు జరిగే నష్టానికి బీమా ఉండటం చట్టరీత్యా తప్పనిసరి. 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదని రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షల రూపాయలు కోరవచ్చు. అంతకంటే ఎక్కువ నష్టం జరిగిందనుకుంటే దానికి బదులు 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో దావా వేసుకోవచ్చు. ఆరు నెలల్లోగా వేయాలని 2019 సవరణలో గడువు పెట్టారు కాబట్టి జాప్యం చేయకుండా వకీలును కలవండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయలు వస్తాయి. దరఖాస్తు రెవెన్యూ అధికారులకు ఇవ్వాలి.

ట్రాక్టరు యజమానులకు ఇక్కడే ఒక హెచ్చరిక. పొలం పనికే గదా అని బీమా కట్టకుండా వదిలేసిన ట్రాక్టరు యార్డులో ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం మొత్తం యజమాని మీదే పడుతుంది. రెండెకరాల రైతుకు ఆ రెండెకరాలూ పోతాయి. ట్రాక్టరుకూ, ట్రాలీకీ రెండింటికీ బీమా ఉందో లేదో ఈ రోజే కాగితాలు తీసి చూసుకోండి.

20 రూపాయల బీమా

బ్యాంకు ఖాతా ఉండి, వయసు 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. 2022 జూన్ నుంచి ఏడాదికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, ఒక కాలో, చెయ్యో, కన్నో శాశ్వతంగా పోతే లక్ష రూపాయలు వస్తాయి. ఈ బీమా జూన్ 1 నుంచి మే 31 వరకు వర్తిస్తుంది. మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు లేకపోతే రద్దయిపోతుంది. సీజను డబ్బంతా తీసేసి ఖాతా ఖాళీ చేసేవారు ఈ సంగతి మరవవద్దు. కాగితం తెచ్చాక ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి, ఎక్కడ పెట్టారో చూపించండి. చెప్పకపోతే బీమా ఉన్నట్లు కూడా వాళ్లకు తెలియదు.

ఇక చేయవలసింది ఒక్కటే. ఈసారి యార్డుకు సరుకు తోలేముందు మీ ఊరి రైతులు పదిమంది కలిసి మార్కెట్ కమిటీ కార్యదర్శి పేర తెల్లకాగితం మీద ఒక అర్జీ రాయండి. అన్నీ అడగనక్కరలేదు. మూడే అడగండి. నడవటానికి గీత గీసిన దారి, పడుకోవడానికి బండి రాని చోటు, అమ్మకం వేళ షెడ్ల మధ్య బండ్లు ఆపడం. కమిటీ పాలకవర్గంలో రైతు సభ్యులుంటారు. వారికీ ఒక నకలు ఇవ్వండి. ఒక నకలు మీద ముట్టినట్లు సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోండి. నెల రోజులకు మళ్లీ సరుకు తోలినప్పుడు గీత పడిందో లేదో చూసి, పడకపోతే ఆ నకలు పట్టుకుని ఆఫీసుకు వెళ్లి అడగండి.